సరంగు మావ

పోయిన నెలలో ఒక రాత్రి కళింగపట్నం వైపు నుంచి ఫోన్ వచ్చింది. "మా అయ్య పోనాడు బాబూ" అన్నాడు సరంగు మావ పెద్దకొడుకు. నేనింకేమీ అడగలేదు. తెల్లారేసరికి విశాఖలో బయల్దేరి, శ్రీకాకుళం దాటి, వంశధార సముద్రంలో కలిసే వైపు వెళ్ళాను. జరగాల్సినవన్నీ జరిగాక ఆ ఇంటివాళ్ళు ఆయన ఇనప ట్రంకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. "ఇందులోవి దేనికి పనికొస్తాయో మాకు తెలీదు, నువ్వే సూడు బాబూ" అన్నారు. మూత ఎత్తగానే స్టాక్‌హోమ్ తారు వాసన గుప్పుమంది.

రోడ్డుకి వేసే తారు వాసన కాదది. పైన్ చెట్ల కర్ర నుంచి తీస్తారు దీన్ని. కొంచెం పొగ, కొంచెం చెక్క, కొంచెం మందు కలిసిన వాసన. తాడు కుళ్ళకుండా, ఉప్పునీళ్ళు పీల్చుకోకుండా పట్టించేవాళ్ళు. ఇప్పటి ఓడల్లో ఎక్కువగా సింథటిక్ తాళ్ళే కాబట్టి ఈ వాసన దాదాపు పోయింది. నేను దాన్ని మళ్ళీ పీల్చి ఎన్నేళ్ళయిందో. మీసాలు సరిగ్గా రాని వయసులో, భుజాన సంచీతో ఓడ గ్యాంగ్‌వే మెట్లు ఎక్కిన రోజు అలాగే కళ్ళముందుకొచ్చింది.

ముంబై రేవులో ఎక్కాను, డెక్ కేడెట్‌గా. నైరుతి రుతుపవనాలు అప్పుడే మొదలయ్యాయి. అరేబియా సముద్రం ఆ నెలల్లో ఎలా ఉంటుందో పుస్తకంలో చదవడం వేరు, దాని మీద నిలబడటం వేరు. రేవు దాటిన కాసేపటికే కడుపులోంచి పేగులు బయటికి వచ్చేస్తాయేమో అన్నట్టయింది. కేబిన్‌లో ముడుచుకుని పడుకున్నాను. ఎవరో తలుపు తీశారు. పొట్టి మనిషి, నల్లటి ఒళ్ళు, తలకి బిగించి కట్టిన తుండుగుడ్డ, ఎండకి చిట్లిన కళ్ళు. అప్పటిదాకా ఓడలో అందరూ నాతో హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుతున్నారు.

"ఏటి బాబూ, ఇశాపట్నం కుర్రోడివంట గదా. ఇక్కడ తొంగుంటే సచ్చిపోతావు. లెగు. బయటికి రా."

లేపి, దాదాపు ఎత్తుకుని, డెక్కు మీదికి తీసుకెళ్ళాడు. ఓడ మధ్యభాగంలో, ఊపు తక్కువగా ఉండే చోట నిలబెట్టాడు. "నీళ్ళకేసి సూడకు. ఆకాశం, సముద్రం కలిసే గీత సూడు. అదొక్కటే కదలదు" అన్నాడు. వంట చేసే భండారి దగ్గరికెళ్ళి ఒట్టి రొట్టె ముక్క, ఉల్లిపాయ తెచ్చి చేతిలో పెట్టాడు. కడుపు ఖాళీగా ఉంచకూడదట. వాంతి అయినా సరే, మళ్ళీ తినాలట. నేను తిన్నాను, కక్కాను, మళ్ళీ తిన్నాను. ఆ పూటంతా ఆయన తన పని తాను చూసుకుంటూనే, మధ్యమధ్య వచ్చి నా వైపు ఒక చూపు చూసి వెళ్ళేవాడు. కొన్నాళ్ళకి కాళ్ళు ఓడ ఊపుకి అలవాటు పడ్డాయి. "సీ లెగ్స్ వచ్చాయి" అన్నారు ఆఫీసర్లు. మావ మాత్రం, "ఇప్పుడు నీకు నడక వొచ్చినాది" అన్నాడు.

అప్పట్నుంచీ ఆయన నాకు సరంగు మావ. హోదా ప్రకారం నేను రేపటి ఆఫీసర్ని, ఆయన డెక్కు కూలీల మీద పెద్ద. అందుకే నన్ను నలుగురిలో "కేడెట్ సాబ్" అనేవాడు. ఇద్దరమే ఉన్నప్పుడు బాబూ.

*

సరంగు అంటే మన గోదావరి జిల్లాల వాళ్ళకి కొత్త మాట కాదు. పాపికొండల లాంచీ నడిపే ఆయన్నీ సరంగు అనే అంటారు. సముద్రపు ఓడల్లో సరంగు అంటే డెక్కు మీద పనిచేసే ఖలాసీలందరికీ పెద్ద. ఇంగ్లీషు ఓడల్లో బోసన్ అంటారు. ఆయన కింద టిండేలు. సామాన్ల కొట్టు చూసేవాడు కసాబు. చక్రం తిప్పేవాడు సుక్కాని. వంట భండారిది. ఊడ్చి తుడిచే పని టోపాజ్‌ది. ఇంజిన్ వైపు, బొగ్గు కాలంలో, కొలిమి దగ్గర నిలబడేవాడు ఆగ్‌వాలా, బొగ్గు మోసి అందించేవాడు కోయిలావాలా, నూనె వేసేవాడు తేల్‌వాలా. చీఫ్ ఆఫీసర్ని బడా మాలిమ్ అనేవాళ్ళు. ఈ మాటల్లో అరబ్బీ, పారసీ, పోర్చుగీసు, హిందుస్తానీ అన్నీ కలిసిపోయి ఉంటాయి. మూడు నాలుగు వందల ఏళ్ళపాటు హిందూ మహాసముద్రం మీద తిరిగిన మనుషులు తమకి కావలసినట్టు చేసుకున్న భాష అది. 1811లో థామస్ రోబక్ అనే సైనికాధికారి ఈ ఓడ భాషకి ఒక నిఘంటువే వేశాడు. తెరచాప ఓడ మీద ఖలాసీలకి అర్థమయ్యేలా ఆజ్ఞలు ఇవ్వడం కొత్తగా వచ్చిన ఇంగ్లీషు ఆఫీసర్లకి ప్రాణావసరం మరి.

రేవులో సరుకు ఎత్తేటప్పుడు వినపడే కేకలు నాకింకా చెవుల్లో ఉన్నాయి. "హబేస్! హబేస్!" అంటే పైకి ఎత్తు. "ఆరియా... ఆరియా..." అంటే దించు. ఆరియా అనేటప్పుడు గొంతు సాగదీసేవాళ్ళు, సరుకు ఎంత నెమ్మదిగా దిగాలో అంత నెమ్మదిగా. సరుకు ఎత్తే డెరిక్ నడిపే విన్చ్‌మన్ కింద ఏముందో చూడలేడు. సరుకు గదికి నోరైన హ్యాచ్ అంచున నిలబడ్డ మనిషి గొంతు, చెయ్యి, అంతే ఆధారం. సరంగు మావ అక్కడ నిలబడితే కేక కూడా పెట్టేవాడు కాదు. అరచెయ్యి బోర్లించి కొద్దిగా కదిపేవాడు. టన్నుల బరువు ఆ వేళ్ళని చూసి దిగేది.

*

మా కెప్టెన్ గోవా ఆయన. గట్టి మనిషి, మాట పొదుపు. ఒకసారి బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే పై గదిలో, మావని చూపించి నాతో అన్నాడు: "ఆయన్ని గమనిస్తూ ఉండు. నిజమైన ఓల్డ్ సాల్ట్." నాకా మాట అప్పుడే తెలిసింది. తర్వాత మెస్సులో రేడియో ఆఫీసర్ మిగతావి చెప్పాడు. ఏళ్ళ తరబడి సముద్రం మీద నలిగిన వాణ్ణి సీ డాగ్ అంటారు. బార్నకిల్ బ్యాక్ అంటారు. ఓడ అడుగున అతుక్కుని పెరిగే గుల్లలు వీపు మీద కూడా మొలిచేంత కాలం నీళ్ళ మీద ఉన్నాడని దాని భావం. మామూలు నావికుడికి జాక్ టార్ అని పేరు. తెరచాపల రోజుల్లో వాళ్ళు బట్టలకీ టోపీలకీ తారు పూసుకునేవాళ్ళు, వాన ఆగడానికి. చేతులూ ఎప్పుడూ తారుగానే ఉండేవి. ఇక ఓడ వదిలి ఇంటిపట్టున స్థిరపడిన వాణ్ణి "లంగరు మింగాడు" అంటారు.

ఓల్డ్ సాల్ట్ అని వెతికితే ఇవాళ్టికీ కనిపించే బొమ్మ ఒకటే. తెల్ల గడ్డం, నోట్లో పైపు, నీలం టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ముసలాయన. నాకు మాత్రం ఆ మాట వినగానే తలగుడ్డ కట్టిన కళింగపట్నం మనిషే గుర్తొస్తాడు. బ్రిటిష్ వాళ్ళ వ్యాపారమంతా ఓడల మీద నడిచిన రోజుల్లో ఆ ఓడల మీద వేలకి వేల మంది మనవాళ్ళు పనిచేశారు. నోవాఖాలీ, చిట్టగాంగ్, సిల్హెట్, రత్నగిరి, గోవా, మినికాయ్ దీవి, మన ఉత్తరాంధ్ర తీరం. లస్కర్లు అని అందరికీ కలిపి ఒకటే పేరు. జీతం తెల్ల నావికుడి కంటే బాగా తక్కువ. ఆ ముద్దుపేర్లలో, ఆ బొమ్మల్లో వాళ్ళు లేరు. కాకలు తీరిన నావికుడు అంటే వీళ్ళూ అని నేను గట్టిగా అంటాను.

*

కలకత్తా కిదర్‌పూర్ డాక్‌లో ఓడ ఆగినప్పుడు ఒక సాయంత్రం మావ నన్ను హేస్టింగ్స్ వైపు నడిపించుకుని తీసుకెళ్ళాడు. హుగ్లీ ఒడ్డున, చెట్ల మధ్య, మినార్ లాంటి ఒక కట్టడం. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్న బెంగాల్, అస్సాం లస్కర్ల స్మారకం అది. 1924లో కట్టారు. మొత్తం 896 మందికి గుర్తుగా. మావకి ఆ అక్షరాలు చదవడం రాదు. నన్ను చదవమన్నాడు. చదివాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, వాళ్ళ పెదనాన్న కలకత్తాలో కోయిలావాలాగా ఓడెక్కాడని, రెండో యుద్ధంలో ఆ ఓడ తిరిగి రాలేదని. ఇంటికి కాయితం ముక్క కూడా రాలేదట. ఏ రోజు పోయాడో తెలీదు కాబట్టి అమావాస్య నాడు పెడుతున్నారట తద్దినం.

మావ తరం నాటికి బొగ్గు పోయింది, డీజిల్ వచ్చింది. కానీ ఓడలో పని దొరకడం అంతే కష్టం. అంతకుముందు ఘాట్ సరంగులని ఉండేవాళ్ళు. రేవు దగ్గర బస ఇచ్చి, అప్పు ఇచ్చి, ఓడ ఎక్కించి, జీతంలో సగం గుంజుకునేవాళ్ళు. మావ మొదటిసారి కలకత్తా వెళ్ళినప్పుడు అలాంటివాడి కొట్టంలోనే పడుకున్నాడట. తల్లి మెడలో గొలుసు తాకట్టు పెట్టి మరీ వెళ్ళాడు. ఆ గొలుసు విడిపించడానికి ఎన్నాళ్ళు పట్టిందో చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. తర్వాత్తర్వాత పేర్లు రిజిస్టర్‌లో రాసి వంతుల ప్రకారం పిలవడం మొదలయ్యాక కొంత నయమైంది.

*

నేను పొద్దున నాలుగు నుంచి ఎనిమిది వాచ్‌లో, అంటే బ్రిడ్జి డ్యూటీలో, ఉండేవాణ్ణి, చీఫ్ ఆఫీసర్‌తో. సరిగ్గా ఆరింటికి మావ బ్రిడ్జి మీదికొచ్చేవాడు. ఆ రోజు ఏం పని, ఎక్కడ తుప్పు కొట్టాలి, ఎక్కడ రంగు వెయ్యాలి, ఏ వైరుకి గ్రీజు పట్టించాలి, ఈ మాటలన్నీ అప్పుడే. చీఫ్ ఆఫీసర్ చెప్పేది వింటూనే కళ్ళు మాత్రం కిటికీలోంచి సముద్రం మీదే ఉండేవి. వాన వస్తుందనిపిస్తే, "సాబ్, ఆజ్ రంగ్ నహీ" అనేవాడు. రంగు పనాపి లోపలి పని పెట్టుకునేవాళ్ళు. ఎనిమిదింటికల్లా చిప్పింగ్ హామర్లు మొదలు. టకటకా టకటకా. తుప్పు పెచ్చులు ఊడగొట్టే ఆ శబ్దం ఓడ ఇనుము గుండా పాకి కేబిన్లో దిండు కిందకి కూడా వచ్చేది. రాత్రి వాచ్ చేసి పడుకున్నవాళ్ళు ఎంత తిట్టుకున్నా ఆగేది కాదు. సోడా కలిపిన నీళ్ళతో గోడలు కడిగే పనికి సూజీ అని పేరు. ఎనామిల్ బకెట్లో సూజీ నీళ్ళు, చేతిలో గుడ్డ, పైనుంచి కిందికి కాదు, కిందినుంచి పైకి కడగాలి. పైనుంచి మొదలుపెడితే మురికి చారలు ఎండి రంగు మీద మచ్చలు పడతాయి. ఇదీ మావ చెప్పిందే.

మధ్యాహ్నం టీ వేళకి కసాబు కొట్టు ముందు కూర్చునేవాడు. తాళ్ళు, షాకిళ్ళు, బ్లాకులు, వైరు చుట్టలు, తారు డబ్బా. స్ప్లైస్ వెయ్యడం, అంటే ముడి లేకుండా తాడు పేటలు అల్లి కలపడం, నాకక్కడే నేర్పాడు. మూడు పేటల మనిలా నార మోకు చివర విప్పి, ఒక్కో పేట చివర దారంతో కట్టి, మోకును మడిచి కన్ను చేసుకోవాలి. మార్లిన్ స్పైక్ అనే మొనదేలిన ఇనప చీలతో మోకు పురి తెరిచి, మొదటి పేట దూర్చాలి. రెండోది దాని పక్క పేట కిందికి. మూడోది వేసేటప్పుడే అందరూ తికమక పడతారు, మోకు తిప్పి అవతలి వైపునుంచి దూర్చాలి దాన్ని. ఒక వరస అయ్యాక మూడింటినీ సమానంగా లాగి బిగించాలి. మనిలాకైతే మూడు వరసలు, నైలాన్ జారుతుంది కాబట్టి ఐదు. పూర్తయ్యాక కాలి కింద వేసి దొర్లించేవాడు, పేటలు కుదురుకోవడానికి. ఆయన బొటనవేలి గోరు అడ్డంగా చీలి, అలాగే గట్టిపడిపోయి ఉండేది. అరచెయ్యి తాకితే చర్మం అనిపించేది కాదు. అంత మొద్దుబారిన చేతికి పేటలో ఒక్క నార తెగినా తెలిసిపోయేది. కళ్ళు మూసుకుని మోకు పొడవునా చెయ్యి జరుపుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగి, "ఇక్కడ సూడు" అనేవాడు. పురి విప్పి చూస్తే లోపల నార నలిగి పొడి అయిపోయి ఉండేది. పైకి ఏమీ కనపడదు.

ఓడ ముందు భాగాన్ని ఆయన అణియం అనేవాడు, వెనక భాగాన్ని అమరం. ఫోర్‌కాజిల్, పూప్ అనే మాటలు నోటికి వచ్చినా, కంగారులో మాత్రం పల్లె మాటలే వచ్చేవి. ఒక రేవులో ఓడ కడుతున్నాం. గాలి ఒడ్డు నుంచి తోస్తోంది. అవతల నుంచి విన్చ్ లాగుతున్నారు. నేనూ ఇంకో కుర్రాడూ మోకు పక్కనే ఉన్నాం. మోకు బిగుసుకుని సన్నబడుతోంది, కిర్రుకిర్రుమంటోంది. ఆ కిర్రు ఒక్కసారి ఆగింది. "అమరానికి పో! అమరానికి పో!" అని అరుస్తూ ఇద్దరి చొక్కాలూ పట్టి వెనక్కి ఈడ్చేశాడు మావ. పడ్డాం. తుపాకి పేలినట్టు మోకు తెగింది. నేను నిలబడ్డ చోట రెయిలింగ్ వంగిపోయింది. ఆ ప్రాంతాన్ని ఇప్పుడు స్నాప్‌బ్యాక్ జోన్ అంటున్నారు, పోస్టర్లు వేసి, శిక్షణలో చెబుతున్నారు. మంచిదే, చెప్పాల్సిందే. మావకి మాత్రం ఆ చప్పుడు ఆగడంలోనే అంతా తెలిసింది. లేచి, దుమ్ము దులిపి, కొత్త మోకు తెమ్మని టిండేలుకి చెప్పాడు. ఆ రాత్రి నా కేబిన్‌కి వచ్చి, "మీ అమ్మకి ఉత్తరం రాయి. ఇది రాయకు. బాగున్నానని రాయి" అన్నాడు.

లంగరు వేసినప్పుడు చూడాలి ఆయన్ని. గొలుసులో ప్రతి 27.5 మీటర్లకీ ఒక షాకిల్ అని లెక్క. ఎన్ని షాకిళ్ళు నీళ్ళలోకి పోయాయో బ్రిడ్జికి తెలియడానికి గంట కొట్టేవాళ్ళు. అది అందరూ చేసేదే. లంగరు నేలని పట్టిందా లేదా అన్నది తెలుసుకోవడానికి మావ చెప్పు విడిచి ఒట్టి పాదం గొలుసు మీద పెట్టేవాడు. పట్టిన గొలుసు నిమ్మళంగా ఉంటుంది. అడుగున ఈడ్చుకుపోతుంటే ఇనుములో సన్నటి వణుకు వస్తుంది. "పట్టినాది సాబ్" అని ఆయన చెయ్యి ఎత్తాకే బ్రిడ్జి మీద కెప్టెన్ భుజాలు దించేవాడు.

*

సింగపూర్ వైపు నుంచి బంగాళాఖాతంలోకి వస్తున్నాం, అక్టోబర్, నవంబర్ రోజులు. ఆకాశం బాగానే ఉంది. ఆరింటికి పనుల కోసం వచ్చిన మావ ఆ పూట చీఫ్ ఆఫీసర్ మాట వినడం లేదు. సముద్రం వైపే చూస్తున్నాడు. "గాలి ఓపక్క నుంచి వొస్తాంది. కెరటం ఇంకోపక్క నుంచి వొస్తాంది. ఈ కెరటం ఈ గాలిది కాదు బాబూ, ఎక్కడిదో" అన్నాడు నాతో. పొడవాటి, బద్ధకంగా లేచే అల. కెప్టెన్‌ని లేపారు. ఆయన వచ్చి గాలి ఒత్తిడి చూపే బారోమీటర్ చూశాడు. మన ప్రాంతాల్లో బారోమీటర్ ఉదయం పదింటికి, రాత్రి పదింటికి పైకెక్కుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి దిగుతుంది. రోజూ ఇదే నడక. ఆ నడక తప్పితే, ఆ కాలానికి ఉండాల్సిన దానికన్నా మూడు మిల్లీబార్లు పడితే అనుమానించాలి, ఐదు పడితే తుపాను దగ్గర్లోనే ఉందని లెక్క. పడుతోంది. రేడియో ఆఫీసర్ హెచ్చరిక అందుకునేలోపే కెప్టెన్ వేగం తగ్గించి, తుపానుని మాకంటే ముందుకి, పడమటికి పోనిచ్చాడు.

ఆ రాత్రి మావ నిద్రపోలేదు. హ్యాచ్ టార్పాలిన్లు, చెక్క వెడ్జీలు, లైఫ్‌బోట్ల కట్లు అన్నీ మళ్ళీ మళ్ళీ చూసి వచ్చాడు. తర్వాత బ్రిడ్జి మూలన నిలబడ్డాడు. ఓడ గురించి కాదు ఆయన బెంగ. పడమటికి అంటే మన ఒడ్డే కదా. తీరం మీద పల్లెలు ఎలా ఉన్నాయోనని. కోరంగి సంగతి చిన్నప్పుడు పెద్దవాళ్ళ నోట విన్నాడట. కాకినాడ దగ్గర కోరంగి ఒకప్పుడు ఎంత పెద్ద రేవంటే, బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచేవాళ్ళు. 1839 నవంబర్‌లో వచ్చిన ఉప్పెన ఆ ఊరిని, ఓడలని తుడిచిపెట్టేసింది. సైక్లోన్ అనే మాట పెట్టిన హెన్రీ పిడింగ్టన్ తన పుస్తకంలో కోరంగి ఉప్పెనల గురించి రాశాడు. మావకి ఆ పుస్తకం తెలీదు. "కోరంగి మునిగినట్టు" అని మాత్రం తెలుసు.

*

ఆస్ట్రేలియా వైపు వెళ్తూ భూమధ్యరేఖ దాటాం. మొదటిసారి దాటేవాణ్ణి పాలీవాగ్ అంటారు, తోకకప్ప అని. దాటి, తంతు పూర్తయితే షెల్‌బ్యాక్ అవుతాడు, వీపు మీద గుల్ల ఉన్నవాడు. ఒకాయన సముద్రపు రాజు నెప్ట్యూన్ వేషం వేసి, జనపనార గడ్డం పెట్టుకుని సింహాసనం ఎక్కుతాడు. కొత్తవాళ్ళకి ఒళ్ళంతా గ్రీజు, పిండి పూసి, క్షౌరం చేసి, ఉప్పునీళ్ళలో ముంచుతారు. సర్టిఫికెట్ ఇస్తారు. ఆ రోజంతా ఓడ మొత్తం పెద్దాచిన్నా లేకుండా నవ్వింది. తంతు మొదలవకముందే, పొద్దున్నే, మావ నన్ను అణియం దగ్గరికి తీసుకెళ్ళి కొబ్బరికాయ కొట్టించాడు. పసుపు, కుంకుమ తన పెట్టెలోంచి తెచ్చాడు. "ముందు గంగమ్మకి సెప్పుకో. తరవాత ఆళ్ళ ఆట ఆడుకో." నా దగ్గర షెల్‌బ్యాక్ సర్టిఫికెట్ ఇప్పటికీ ఉంది.

పాత ఇంగ్లీషు నావికులు రేఖ దాటితే తాబేలు, ఐదు వేల నాటికల్ మైళ్ళు తిరిగితే వానకోవెల లాంటి స్వాలో పిట్ట పచ్చబొట్టు పొడిపించుకునేవాళ్ళు. మావ ముంజేతి మీద ఉన్నది ఒక్కటే, వాళ్ళావిడ పేరు, తెలుగులో. సంతకం పెట్టడం కూడా ఆ పచ్చబొట్టు అక్షరాలు చూసే నేర్చుకున్నాడట, ఆవిడ పేరులో ఉన్న అక్షరాలు తన పేరులోనూ ఉన్నాయని. షిప్పింగ్ మాస్టర్ ముందు ఆర్టికల్స్ మీద, అంటే ఓడ ఉద్యోగ ఒప్పందం మీద, సంతకం చేసేటప్పుడు వేలిముద్ర వెయ్యమంటే ఒప్పుకునేవాడు కాదు.

*

విశాఖ వస్తోందంటే ఆయనలో మార్పు తెలిసేది. తెల్లటి బనీను, ఉతికిన తలగుడ్డ. రేవులోకి దారి చూపే పైలట్ ఓడ ఎక్కి, డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ ఎడమ వైపుకి వచ్చి, ఓడ ఇరుకు కాలువలోకి దూరుతుంటే, లంగరు దగ్గర నిలబడ్డ మావ కుడి వైపు కొండల కేసి తిరిగేవాడు. ఒక కొండ మీద వెంకటేశ్వరస్వామి, ఒక కొండ మీద ఇషాక్ మదీనా దర్గా, ఒక కొండ మీద మేరీమాత చర్చి. ముగ్గురికీ తలగుడ్డ తీసి దండం పెట్టేవాడు. డెక్కు మీద ఉన్న ముస్లిం సుక్కానీ, గోవా స్టీవార్డూ కూడా అంతే, మూడు కొండలకీ. ఈ రేవు 1933లో తెరిచారు, మొదట వచ్చింది జలదుర్గ అనే ఓడ. 1948లో ఇక్కడి యార్డులోనే కట్టిన జలఉషని నెహ్రూ నీళ్ళలోకి దింపాడు. మావ మేనమామ ఆ యార్డులో రివెట్ల పనిలో ఉండేవాడట. ఇంటి పెళ్ళి గురించి చెప్పినట్టు చెప్పేవాడు ఆ ఓడ దిగిన సంగతి.

దిక్సూచి పట్టకముందే తెప్ప మీద దారి తెలుసాయనకి. ఒడ్డున ఒక తాటిచెట్టు, దాని వెనక కొండకొన ఒకే గీతలోకి వస్తే కింద రాతినేల ఉన్నట్టు, అక్కడ చేప ఉన్నట్టు. ఆ గీతని ఇంకో గీతతో కలిపితే సరిగ్గా ఆ చోటు. నాకు కాలేజీలో ట్రాన్సిట్ బేరింగ్ అని నేర్పింది ఇదే. వాళ్ళ అయ్య పదేళ్ళప్పుడే నేర్పాడట.

తర్వాత నేను పరీక్షలు రాసి ఆఫీసర్నయ్యాను, వేరే ఓడలకి వెళ్ళిపోయాను. కంటెయినర్లు వచ్చాక వారాల తరబడి రేవులో ఉండే ఓడలు గంటల్లో వెళ్ళిపోవడం మొదలైంది. హబేస్, ఆరియా కేకల చోట వాకీటాకీలు వచ్చాయి. 1999 ఫిబ్రవరి నుంచి ఓడల ప్రమాద సందేశాలకి శాటిలైట్ పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చి, మోర్స్ కొట్టే రేడియో ఆఫీసర్లు ఓడల మీద నుంచి దిగిపోయారు. మావ అంతకంటే ముందే దిగాడు. రావాల్సిన డబ్బు కోసం ఒక ఏజెంటు చుట్టూ చాలాకాలం తిరిగాడు. అంతా రాలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. ముప్పై ఏళ్ళకి పైగా ఓడలకి ఒళ్ళు ధారపోసిన మనిషిని బల్ల అవతల నిలబెట్టి మాట్లాడారు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. వేపచెట్టు కింద నులకమంచం, పక్కన ఎప్పుడూ ఏదో ఒక తాడు ముక్క. పల్లెలో కుర్రాళ్ళకి వలల మోకులు కట్టిపెట్టేవాడు. ఎంత ఉక్కగా ఉన్నా గదిలో పడుకునేవాడు కాదు, రాత్రి లేచి గాలి ఎటుందో చూసుకోవాలట. నేను వెళ్తే, "ఏ ఓడ బాబూ, మేట్ మంచోడేనా, కూడు బాగా పెడతన్నారా?" ఇవే అడిగేవాడు. నేను కెప్టెన్నయ్యానని చెప్పిన రోజు మంచం మీంచి లేచి నిలబడి "సలాం సాబ్" అన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టడానికి నా తరం కాలేదు.

మావ మనవడు ఇప్పుడు ఖలాసీ ఉద్యోగానికి కావలసిన జీపీ రేటింగ్ కోర్సు పూర్తి చేసి ఓడ కోసం చూస్తున్నాడు. దినకర్మ రోజు నా పక్కన కూర్చుని, తాత మాట్లాడే ఓడ మాటలు సగం తనకి అర్థమయ్యేవి కావన్నాడు. వాడి కోసమే మొదలుపెట్టాను, ఆ మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాయడం. ఓడ భాగాలు, పనులు, తాళ్ళ ముడులు చాలావరకు వచ్చాయి. గాలుల పేర్లు, అలల పేర్లు సగమే ఉన్నాయి. వచ్చే నెల బారువ, భావనపాడు వైపు వెళ్తున్నాను, అక్కడ ఇద్దరు పాత సుక్కానీలు ఉన్నారని మావ కొడుకు చెప్పాడు. మీ ఇళ్ళల్లో కూడా కలకత్తా ఓడలకో బొంబాయి ఓడలకో వెళ్ళిన తాతలు, పెదనాన్నలు ఉంటే, వాళ్ళ నోట విన్న మాటలు ఏవి గుర్తున్నా నాకు రాసి పంపండి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, మాట పంపండి.